ఆ ఫారంలో ‘తెలుగు’ అనే రాయండి: టెక్సాస్ తెలుగు సంఘాల పెద్దలకు, తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

పెద్దలకు, తోటి తల్లిదండ్రులకు నమస్కారం.

ఇంగ్లీషు ఇంకా రాని మన పిల్లలకు బడిలో తెలుగులో సాయం అందించమని, రెండేళ్లలో మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి సర్కారు బడులన్నిటినీ నడిపే సంస్థ) ఆఫీసుకు పదకొండు మంది తల్లులం కలిసి మూడు ఉత్తరాలు రాశాం. మొదటి రెండింటికి జవాబే రాలేదు. మూడోదానికి ఒక్క వాక్యం వచ్చింది: తెలుగులో చెప్పగల సర్టిఫైడ్ టీచర్లు దొరకలేదు, అందుకని రాష్ట్రం నుంచి మినహాయింపు తీసుకున్నాం అని. ఆ కాగితం పట్టుకుని మా ఊళ్లోని తెలుగు సంఘం పెద్దల దగ్గరికి వెళ్లాం. ఉగాది రోజు వేదిక మీద ఐదు నిమిషాలు ఇవ్వమని అడిగాం. “ఇది కల్చరల్ ప్రోగ్రామ్ అమ్మా, ఇలాంటివి ఇక్కడొద్దు” అన్నారు. ఆ తర్వాత పంపిన రెండు ఈమెయిళ్లకు ఉలుకూ పలుకూ లేదు.

డిస్ట్రిక్ట్‌కు ఇంగ్లీషులో రాయాల్సింది రాస్తూనే ఉంటాం. ఈ లేఖ మాత్రం మీకు.

ఖమ్మం జిల్లాలో ఎనిమిదేళ్లు ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. డాలస్‌కు ఉత్తరాన ఉంటాం. మా అమ్మాయి చదివే స్కూల్లో వారానికి రెండు రోజులు వాలంటీరుగా వెళ్తుంటాను. నిరుడు నవంబరులో నాలుగో గ్రేడులోకి ఒక బాబు వచ్చాడు. పల్నాడు వైపు పిల్లాడు, తొమ్మిదేళ్లు. ఈ దేశంలో దిగి అప్పటికి పదహారు రోజులు. లెక్కల పీరియడ్‌లో నన్ను వాడి పక్కన కూర్చోబెట్టారు. మూడు డాలర్లకు ఎన్ని క్వార్టర్లు, అంటే పావు డాలర్ నాణేలు, అనేది లెక్క. వాడు పెన్సిల్ చివర కొరుకుతూ కాగితం వంకే చూస్తున్నాడు. టీచరమ్మ మంచి మనిషి. వంగి, నెమ్మదిగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ అదే ఇంగ్లీషు వాక్యం మళ్లీ చదివింది. అర్థమైనట్టు తలూపాడు. ఆవిడ అటు వెళ్లగానే నేను చెవిలో అడిగాను: “నాన్నా, మూడు కిలోల పంచదారని పావుకిలో పొట్లాలు కడితే ఎన్నవుతాయి?” తలెత్తకుండానే “పన్నెండు” అన్నాడు. ఎట్లా అంటే, “కిలోకి నాలుగు కదా ఆంటీ” అన్నాడు. వాళ్ల నానమ్మకు ఊళ్లో కిరాణా కొట్టుంది. మూడో తరగతిలో ఉన్నప్పుడే గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడట.

వాడికి లెక్క వచ్చు. రానిది క్వార్టర్ అనే మాట. నేను పక్కన లేని రోజుల్లో వాడి పేపర్ల మీద పడ్డవన్నీ సున్నాలే.

టెక్సాస్‌లో ఇలాంటి పిల్లల కోసం చట్టం ఉంది. 1973లో వచ్చిన రాష్ట్ర ద్విభాషా విద్యా చట్టం అది. ఒక డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒకే గ్రేడులో, ఒకే ఇంటిభాషవాళ్లు, ఇంగ్లీషు ఇంకా పూర్తిగా రానివాళ్లు 20 మందో అంతకు మించో ఉంటే ప్రాథమిక తరగతుల్లో ఆ భాషలోనూ ఇంగ్లీషులోనూ చదువు చెప్పే ఏర్పాటు చేయాలి. ఒక్క స్కూల్లోనే 20 మంది ఉండాలని మనవాళ్లు చాలామంది పొరబడతారు. లెక్క స్కూలుకు కాదు, డిస్ట్రిక్ట్ మొత్తానికి. చట్టంలో ‘స్పానిష్’ అని లేదు, ఏ భాషైనా సరే. టీచర్లు దొరక్కపోతే డిస్ట్రిక్ట్ ఏటా నవంబరు 1 లోపు రాష్ట్ర విద్యాశాఖను మినహాయింపు అడగాలి. ఏ భాషలో ఎంతమంది పిల్లలున్నారో, టీచర్లను ఎట్లా తయారుచేస్తారో అందులో చూపించాలి. ద్విభాషా విద్యకు వచ్చే నిధుల్లో కనీసం 10 శాతం ఆ శిక్షణకు పెడతామని హామీ ఇవ్వాలి. మినహాయింపు ఒక ఏడాదికిచ్చే గడువు మాత్రమే. మా దగ్గర అది అలవాటైపోయింది.

ఇంతకీ ఆ 20 మంది లెక్క ఎక్కడ మొదలవుతుందంటే, స్కూల్లో చేర్పించిన రోజు మనం నింపే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లలు ఏ భాష మాట్లాడతారు అని అడుగుతారు. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు నేను ఆ ఫారంలో ‘ఇంగ్లీష్’ అని రాశాను. తెలుగని రాస్తే ఈఎస్‌ఎల్‌లో, అంటే ఇంగ్లీషు రానివాళ్లకు పెట్టే ప్రత్యేక క్లాసులో పడేస్తారు, ఇక బయటికి రానివ్వరు, గిఫ్టెడ్ క్లాసుకు దూరం చేస్తారు అని వాట్సాప్ గ్రూపులో చెప్పారు. నమ్మాను. మా ఇంట్లో అప్పుడు ముద్ద కలిపి తినిపించడం దగ్గర్నుంచి నిద్రపుచ్చడం దాకా అంతా తెలుగే. ఫారంలో అబద్ధం రాశాను కాబట్టి పాపకు భాషా పరీక్ష పెట్టలేదు, సాయం అందలేదు. రెండేళ్లు క్లాసులో నోరు విప్పలేదు. ‘షై’ అని ప్రోగ్రెస్ రిపోర్టులో రాశారు. మా అమ్మాయి ఇంట్లో వసపిట్ట. తప్పు స్కూలుది కాదు, నాది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఈ చట్టం మనకు ఎవరివల్ల వచ్చిందో తెలిస్తే దాన్ని ఇంత తేలిగ్గా వదులుకోం. కాస్త ఓపికగా చదవండి.

అమెరికా సర్కారు బడుల్లో రెండు భాషల చదువు కొత్తదేమీ కాదు. ఒహైయో రాష్ట్రం 1839లోనే తల్లిదండ్రులు అడిగితే జర్మన్‌లో, ఇంగ్లీషులో చెప్పవచ్చని చట్టం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంతో గాలి మారింది. నెబ్రాస్కాలో 1919 చట్టం ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు వేరే భాష నేర్పడమే నేరమంది. పదేళ్ల పిల్లాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడికి 25 డాలర్ల జరిమానా పడింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచాడు. మన టెక్సాస్‌లోనూ 1918 నుంచి బడిలో ఇంగ్లీషు కాని భాషలో పాఠం చెప్పిన టీచరు నేరస్థుల కిందే లెక్క. 1969 దాకా అదే నడిచింది. ఆ యాభై ఏళ్లూ మెక్సికన్ అమెరికన్ పిల్లలు బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడితే దెబ్బలు తిన్నారు, సాయంత్రం ఇంటికి పోనివ్వకుండా కూర్చోబెడితే కూర్చున్నారు, ‘ఇంకెప్పుడూ స్పానిష్ మాట్లాడను’ అని వందలసార్లు రాశారు. 1968 డిసెంబరులో పౌరహక్కుల కమిషన్ శాన్ ఆంటోనియోలో విచారణ జరిపినప్పుడు ఇలాంటివన్నీ బయటికొచ్చాయి.

1928లో టెక్సాస్ దక్షిణాన కొటూలా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లల బడికి ఇరవై ఏళ్ల కుర్రాడొకడు టీచరుగా వచ్చాడు. పిల్లలు ఇంగ్లీషే మాట్లాడాలని పట్టుబట్టేవాడు, స్పానిష్ వినబడితే కొట్టేవాడు కూడా. ఆ పిల్లలు పొద్దున ఏమీ తినకుండా ఆకలితో బడికొచ్చేవారని తర్వాతెప్పుడో తలచుకున్నాడు. ఆయనే లిండన్ జాన్సన్. 1968 జనవరి 2న అధ్యక్షుడిగా ద్విభాషా విద్యా చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. బిల్లు తెచ్చిన సెనేటర్ రాల్ఫ్ యార్‌బరోదీ టెక్సాసే. మొదట కేటాయించింది 75 లక్షల డాలర్లు, దేశం మొత్తానికి. ఎవరినీ బలవంతపెట్టని చట్టం అది, డిస్ట్రిక్టులు అడిగితే గ్రాంటు ఇచ్చేది. అయినా ఇంట్లో ఇంకో భాష ఉన్న పిల్లల్ని కేంద్ర ప్రభుత్వం పట్టించుకోవడం అదే మొదలు.

హక్కు అనే మాట వచ్చింది మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ తల్లిదండ్రుల వల్ల. అక్కడి బడుల్లో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలు 2,856 మంది. అందులో దాదాపు 1,800 మందికి ఏ అదనపు సాయమూ లేదు. వాళ్లు 1970లో కోర్టుకెక్కారు. కింది కోర్టులో ఓడారు, అప్పీలులోనూ ఓడారు. 1974 జనవరి 21న సుప్రీంకోర్టు జడ్జీలంతా ఏకగ్రీవంగా వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చారు. అదే లావ్ వర్సెస్ నికల్స్ కేసు. అందరికీ ఒకే పుస్తకాలు, ఒకే టీచర్లు, ఒకే పాఠాలు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని, ఇంగ్లీషు అర్థం కాని పిల్లలకు ఆ చదువు అందనట్టేనని జస్టిస్ డగ్లస్ రాశారు. పావుకిలో పొట్లాల పిల్లాడి గురించి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. దాన్ని తెలుగువాళ్లు ఎవరూ ప్రస్తావించగా నేను వినలేదు. జస్టిస్ బ్లాక్‌మన్ విడిగా రాస్తూ, నాకు ఈ కేసులో ముఖ్యమైంది సంఖ్య అన్నారు. ఇంగ్లీషు రాని పిల్లలు ఏ కొద్దిమందో ఉంటే ఈ తీర్పుతోనే వాళ్ల విషయం తేలిపోయినట్టు తాను అనుకోనన్నారు. అంటే లెక్కలో కనబడాలి. కనబడకపోతే హక్కు ఉండీ లేనట్టే. మనం ఫారంలో ‘ఇంగ్లీష్’ అని రాసి మన పిల్లల్ని మన చేతులతోనే ఆ లెక్కలోంచి కొట్టేస్తున్నాం.

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన సమాన విద్యావకాశాల చట్టం, పిల్లలకు భాష అడ్డుపడకుండా తగిన చర్య తీసుకోవడం డిస్ట్రిక్టుల బాధ్యత అంది. తగిన చర్య అంటే ఏమిటో 1981లో అప్పీల్స్ కోర్టు తేల్చింది. ఆ కాస్టన్యేడా కేసు కూడా టెక్సాస్‌దే, రేమండ్‌విల్ ఊరిది. పద్ధతికి సరైన ఆధారం ఉండాలి, అమలుకు సరిపడా మనుషులూ డబ్బూ పెట్టాలి, కొంతకాలానికి ఫలితం రాకపోతే పద్ధతి మార్చాలి. ఏటేటా ‘టీచర్లు లేరు’ అని రాసి పంపడం ఈ మూడింటిలో దేని కిందికీ రాదు.

తర్వాతి కథ ఎత్తుపల్లాలది. కాలిఫోర్నియా ఓటర్లు 1998లో 61 శాతం ఓట్లతో ద్విభాషా చదువును దాదాపు ఆపేశారు. 2016లో 73 శాతం మంది మళ్లీ తలుపు తెరిచారు. మధ్యలో 2002లో కేంద్ర చట్టం పేరులోంచి ‘ద్విభాషా’ అన్న మాట ఎగిరిపోయింది, ఆ పని చూసే ఆఫీసు పేరు కూడా మారిపోయింది. 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల హక్కులను వివరిస్తూ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను ఉపసంహరించుకున్నారు. చాలామంది ఇక అంతా అయిపోయిందనుకున్నారు. కాలేదు. లావ్ తీర్పు ఉంది, 1974 చట్టం ఉంది, టెక్సాస్ 20 మంది నిబంధన ఉంది. పైనుంచి అడిగే నాథుడు తగ్గినప్పుడు కిందనుంచి తల్లిదండ్రులే అడగాలి.

మనం అడగనందువల్ల ఇళ్లల్లో ఏం జరుగుతోందో నేను చూసినవి చెప్తాను.

1. ఊరి నుంచి నేరుగా వచ్చిన పిల్లలు ఏడాది రెండేళ్లు పాఠం పోగొట్టుకుంటున్నారు. ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్లలో వస్తుంది, పుస్తకం ఇంగ్లీషు పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఎప్పుడో చెప్పారు. పిల్లాడు గడగడా మాట్లాడుతున్నాడని మనం సంబరపడతాం. సైన్సు పాఠంలో వాడు మునిగిపోతున్నాడు.

2. భాష రాకపోవడాన్ని బుద్ధి తక్కువగా లెక్కేస్తున్నారు. మాకు తెలిసిన ఒక ఇంట్లో రెండో గ్రేడు పాపను స్పెషల్ ఎడ్యుకేషన్ పరీక్షకు పంపుదామన్నారు. ఆ పాప తెలుగులో కథ చెబితే మనం నోరు తెరుచుకుని వినాలి. ఇది పాత రోగమే. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు ఇందుకే నడిచింది, స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో బుద్ధిపరీక్ష పెట్టి మందబుద్ధుల క్లాసుల్లో వేసినందుకు.

3. అమ్మమ్మలు, నానమ్మలు. కాన్పుకో పిల్లల్ని చూసుకోవడానికో వచ్చి ఆరు నెలలుంటారు. మూడో గ్రేడు మనవడు ఆవిడ అడిగిందానికి ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి గదిలోకి వెళ్లిపోతాడు. ఒక పెద్దావిడ నాతో “వాడు నన్ను చూసి విసుక్కోవట్లేదమ్మా, మాట దొరక్క పారిపోతున్నాడు” అంది. బడి తెలుగును తీసి పక్కన పెడితే ఇంట్లోనూ అదే జరుగుతుంది.

4. డబ్బున్నవాళ్లు గంటకు నలభై డాలర్లిచ్చి ట్యూటర్‌ను పెట్టుకుంటున్నారు. గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్ వంటగదుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలూ మన మధ్యే ఉన్నాయి, సంఘం పిక్నిక్‌లకు వాళ్లు రారు కాబట్టి కనబడరు. వాళ్ల పిల్లలకు బడి తప్ప వేరే దిక్కు లేదు.

5. “మనవాళ్లు స్పెల్లింగ్ బీలు గెలుస్తున్నారు కదమ్మా” అని ఒక పెద్దాయన నాతో అన్నారు. గెలుస్తున్నారు, సంతోషం. ఆ ఫొటోల వెనక నోరు విప్పని పిల్లలు కనబడకుండా పోతున్నారు. తెలుగు పిల్లలకు సాయం అక్కర్లేదని డిస్ట్రిక్ట్ వాళ్లు అనుకోవడానికి మన గొప్పలే కారణం.

కిండర్‌గార్టెన్ నుంచి ఐదో గ్రేడు దాకా అన్ని పాఠాలూ రేపే తెలుగులో చెప్పమని మేం అడగడం లేదు. అది కావాలంటే టీచర్లు తయారవ్వాలి, పుస్తకాలు రావాలి. కానీ హ్యూస్టన్ సర్కారు బడుల్లో అరబిక్‌లో, మాండరిన్‌లో పిల్లలు చదువుకుంటున్నారు. వాళ్లు మొదలుపెట్టిన రోజు వాళ్లకూ టీచర్లు వరసలో నిలబడి లేరు. ఇక్కడ మనకున్నది వేరే ఎవరికీ లేదు: బీఎడ్ చేసి, ఊళ్లో బడుల్లో పనిచేసి, భర్త హెచ్-1బీ ఉద్యోగం వల్ల వచ్చే హెచ్-4 వీసా మీద ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు. భర్తకు గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం వచ్చినవాళ్లకు 2015 నుంచి పని చేసుకునే అనుమతి దొరుకుతోంది. మా పదకొండు మందిలోనే అట్లాంటివాళ్లం నలుగురం ఉన్నాం. టీచర్లు లేరని డిస్ట్రిక్ట్ అంటోంది. మమ్మల్ని ఎవరూ ఒక్కమాట అడగలేదు.

అందుకని మా కోరికలు ఇవి.

తల్లిదండ్రులకు:

1. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఆ ఫారంలో ‘తెలుగు’ అనే రాయండి. అది పిల్లల రికార్డులో ఎప్పటికీ ఉంటుంది, తర్వాత దిద్దుకోవడం తేలిక కాదు. తెలుగని రాయగానే ఈఎస్‌ఎల్‌లో వేయరు. నాలుగు వారాల్లోపు పరీక్ష పెడతారు, పిల్లకు ఇంగ్లీషు బాగా వస్తే అక్కడితో సరి. సాయం వద్దనుకుంటే కాగితం మీద వద్దని రాసిచ్చే హక్కు మీకుంది. వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మకండి, నేను నమ్మి నష్టపోయాను.

2. పిల్లలకు ఏ సాయం ఇవ్వాలో తేల్చే కమిటీని ఎల్‌ప్యాక్ అంటారు. అందులో ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల తల్లో తండ్రో ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఆ కుర్చీ మీరు అడిగి తీసుకోండి.

సంఘాల పెద్దలకు:

3. డిస్ట్రిక్ట్ రాష్ట్రానికి ఇచ్చిన మినహాయింపు దరఖాస్తు కాపీని టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద సంఘం పేరు మీద అడగండి. తెలుగు పిల్లలు ఏ గ్రేడులో ఎంతమందో, శిక్షణకు ఎంత ఖర్చుపెట్టారో బయటికి రావాలి. పదకొండు మంది తల్లుల ఉత్తరానికి లేని బరువు వేలమంది సభ్యులున్న సంఘం లెటర్‌హెడ్‌కు ఉంటుంది.

4. సినిమావాళ్లను పిలిపించే ఖర్చులో కొంత తీసి, ఏడాదికి కనీసం ఐదుగురు తెలుగు మహిళలకు టీచర్ సర్టిఫికెట్ ఫీజులు కట్టండి.

5. టీచర్లు తయారయ్యేదాకా, కొత్తగా వచ్చిన పిల్లలున్న ప్రతి ప్రాథమిక పాఠశాలలో తెలుగు తెలిసిన సహాయకురాలిని జీతమిచ్చి పెట్టాలని డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డును అడగండి. వాలంటీరుగా వారానికి రెండు రోజులు నేను వెళ్తే సరిపోదు. మిగిలిన మూడు రోజులు ఆ పిల్లాడు ఒంటరివాడే.

6. వచ్చే బోర్డు మీటింగులో ప్రజలు మాట్లాడే సమయానికి మాతో వచ్చి నిలబడండి. మీరు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కుర్చీలు నిండితే చాలు.

కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యేలోపు మీ జవాబు కావాలి. ఈసారి ఆ బల్లల దగ్గర, పెన్ను పట్టుకుని ఏం రాయాలా అని ఆగిపోయిన తల్లి పక్కన మేం నిలబడి ఉంటాం. మీలో కొందరైనా వస్తారని అడుగుతున్నాం.

ఇట్లు,
పదకొండు మంది తల్లుల తరఫున ఒక తల్లి,
డాలస్ ఉత్తర శివారు, టెక్సాస్